చందమామ బిళ్ళ మీద బండిచక్రం

నీళ్ళ గోలెంలోంచి ఆ చెక్కను పైకి తీసి, చీర చెంగుతో తుడిచి, సత్యలక్ష్మి ఎంతో సంబరంగా సంపూర్ణమ్మ చేతిలో పెట్టింది.

"రాత్రే నానేశానొదినా. ఇంక చూస్కో, పిండి ఎలా వదుల్తుందో!"

సంపూర్ణమ్మ చెక్కను వెలుగుకేసి తిప్పి చూసింది. మూరెడు పొడవు, ఒక పక్క పిడి. మీద మూడు గుంటలు: ఒకటి గుండ్రంగా తామరపువ్వుది, ఒకటి చేప, ఒకటి పందిపిల్ల. చేపకూ పందిపిల్లకూ ఏమీ కాలేదు. తామరపువ్వు నడిమధ్యగా మాత్రం వెంట్రుకంత చీలిక ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. రేకులు ఉబ్బి, అంచులు నూగులేచి ఉన్నాయి.

"ఏంటొదినా? ఏమైంది?"

"ఇది తడపకూడదు సత్యలక్ష్మీ."

"అచ్చు తడపకపోతే ఎలాగ?" అంది సత్యలక్ష్మి తెల్లబోయి.

ఆవిడ తప్పేం లేదు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ పంచదార చిలకలు పోస్తున్న మనిషి. రెండు చెక్కలు జతచేసి తాడుతో బిగించి, కింది బెజ్జంలోంచి మరిగే పాకం పోస్తే, చల్లారాక చిలకో ఏనుగో బయటికి వస్తుంది. పొడి చెక్కయితే పాకం జలగలా పట్టుకుంటుంది. అందుకని అచ్చు కనిపిస్తే ఆవిడ చేతులు వాటంతట అవే నీళ్ళవైపు వెళతాయి. పక్కింటి వదిన అంత దూరం నుంచి తెచ్చుకున్న అచ్చు, మొదటిసారి వాడుతోంది, సాయం చేద్దామనుకుంది. చేసింది.

సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుంది. బుధవారం ఉదయం. శనివారం పున్నమి. సోమవారం శ్యాంబాబు వస్తాడు.

శ్యాంబాబు విదేశాలకు ఇంటిపనివాళ్ళను పంపే రాజమండ్రి ఏజెంటు. మలేషియాలోని పెనాంగ్‌లో ఒక ఇల్లు చూశాడు. రెండేళ్ళ అగ్రిమెంటు, మంచివాళ్ళు, వంటా ఒక ముసలాయన పనీ. సోమవారం వచ్చి పాస్‌పోర్ట్ తీసుకెళతాడు. ఈ ఊళ్ళో సంపూర్ణమ్మ చెయ్యదగ్గ పని ఒకటి కుదిరితే సరే, కుదరకపోతే వెళ్ళాల్సిందే. భర్త ఆశీర్వాదం కడియం నర్సరీల్లో మొక్కలు లారీలకెక్కించే పనివాడు. కూతురు హెలెన్ కాకినాడలో నర్సింగ్ రెండో సంవత్సరం. ఇంటికి ఇద్దరి సంపాదన కావాలి, అందులో మొహమాటం లేదు. కానీ వేరేవాళ్ళ పొయ్యి ఇంకొక్కసారి వెలిగించకూడదని సంపూర్ణమ్మ మనసులో గట్టిగా అనుకుంది. పన్నెండేళ్ళు వెలిగించింది, చాలు.

ఆ పన్నెండేళ్ళూ సింగపూర్‌లో ఒకే చైనీయుల ఇల్లు. ఇంట్లో అందరూ ఆ ముసలావిడను ఆమా అనేవారు, నాయనమ్మ అని. సంపూర్ణమ్మ కూడా అలాగే పిలిచింది. ఆ ఇంట్లో ఏటా భాద్రపద పున్నమికి చందమామ పండుగ, ఆ రోజు చందమామ బిళ్ళలు కోసుకు తినడం. ఒక్క ఇంట్లోనే మూడు ఊళ్ళ పద్ధతులు నడిచేవి. ఆమా పుట్టింటివారు చైనాలో టియోచూ వాళ్ళు. వాళ్ళ బిళ్ళ మన మడతకాజాలా పొరలు పొరలుగా చుట్టలు తిరిగి, లోపల చేమదుంప ముద్దతో ఉండేది. అత్తింటివారు కాంటన్ వాళ్ళు. వాళ్ళది అచ్చులో ఒత్తి తీసిన గుండ్రటి బిళ్ళ, లోపల తామరగింజల ముద్ద, నడుమ ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొన. కోస్తే నల్లటి ఆకాశంలో చంద్రుడిలా ఉండేది. కోడలు షియామెన్ అనే ఊరి పిల్ల. వాళ్ళక్కడ గిన్నెలో ఆరు పాచికలు వేసి, పడిన పందేన్ని బట్టి పెద్ద బిళ్ళో చిన్న బిళ్ళో గెలుచుకుంటారట. పిల్లలకైతే పూర్ణం లేకుండా ఉత్త పిండితో పందిపిల్లను చేసి, బుల్లి బుట్టలో పెట్టి ఇచ్చేవారు. పండుగకు వారం ముందు నుంచే వీధి పిల్లలందరి చేతుల్లోనూ బుట్టలో పంది.

ఎవరి బిళ్ళ గొప్పదని అత్తాకోడళ్ళు ఎంత వాదించుకున్నా, కొయ్యడం దగ్గర మాత్రం ఆమా మాటే మాట. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు, సమానంగా. ఊళ్ళో లేనివాళ్ళకు కూడా ముక్క పడాలి.

సంపూర్ణమ్మ చేరిన మొదటి ఏడాది కత్తి పట్టుకుని ఆమా అడిగింది: "మీ ఇంట్లో ఎంతమంది?"

"నేను కాక ఇద్దరండి. మా ఆయన, పాప."

ఆమా లెక్కలో ఇంకో రెండు ముక్కలు కలిపి కోసింది.

"వాళ్ళిక్కడ లేరు కదండీ, ఎవరు తింటారు?"

"వాళ్ళ తరఫున నువ్వు."

పన్నెండు పున్నములు సంపూర్ణమ్మ మూడు ముక్కలు తింది. ఇంటికొచ్చాక ఈ సంగతి చెబితే ఆశీర్వాదం పడీపడీ నవ్వాడు. "అందుకా అలా ఒళ్ళు చేసి వచ్చావు! మా వాటాలన్నీ మింగేసి!" హెలెన్ మాత్రం నవ్వలేదు. "నా ముక్క ఎలా ఉండేదమ్మా?" అని అడిగింది.

కిందటేడు ఆమా పోయింది. పోయే ముందు అచ్చును సంపూర్ణమ్మకిమ్మని కోడలితో చెప్పిందట. ఆ అచ్చే ఇప్పుడు ఒళ్ళో చీలిపోయి ఉంది.

రాజమండ్రి బజారులో మిఠాయి కొట్టు నడిపే నాగేశ్వరప్రసాద్ గారిని సంపూర్ణమ్మ ముందే వెళ్ళి అడిగింది, ఈ బిళ్ళలు చేసిస్తే అమ్ముతారా అని. ఆయన శ్రద్ధగా విన్నాడు. "పున్నమినాటికి ఓ డజను చేసి పట్రండి. గుడ్డు మాత్రం వద్దమ్మా. అచ్చు శుభ్రంగా పడాలి, జనం చూసి కొంటారు కదా. బాగుంటే వెనక వంటశాలలో మీకో బల్ల ఇస్తాను, రోజూ చేసుకోవచ్చు" అన్నాడు.

"చేపతో చెయ్యొచ్చు కదొదినా?" అంది సత్యలక్ష్మి ఏడుపు గొంతుతో. "చేప బాగానే ఉందిగా?"

"చేపను సమానంగా ఎలా కొయ్యను? తల ఎవరికి, తోక ఎవరికి?"

"మీ ఆయనకి తల వేసెయ్. తెలివొస్తుంది."

సంపూర్ణమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక లేచింది.

"నీ అచ్చులన్నీ పట్రా."

సత్యలక్ష్మి గంపెడు అచ్చులు తెచ్చి అరుగు మీద గుమ్మరించింది. చిలకలు, నెమళ్ళు, ఏనుగులు, గోపురాలు. సంపూర్ణమ్మ ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది. చిలకకు తోక సన్నం, పొయ్యిలో ఒళ్ళు కాలేలోగా తోక మాడిపోతుంది. ఏనుగుకు తొండం కూడా అంతే. గోపురం పైన ఒక తీరు, కింద ఒక తీరు. మధ్యాహ్నం దాకా చూసినా పనికొచ్చేది కనిపించలేదు.

"అయిపోయాయా?"

"అటక మీద ఒక ఒంటిచెక్క ఉండాలి. మా మావగారు చెక్కింది. పంచదార రథం పోసే రోజుల్లో దాని చక్రాలకి. ఇప్పుడు రథం అడిగేవాళ్ళెవరు? జతచెక్క చెదపురుగులు తినేశాయి. అది దేనికి పనికొస్తుందొదినా, సగమే కదా?"

"నాక్కావాల్సింది సగమే."

అటక మీంచి దిగిన ఆ టేకుచెక్క అరచెయ్యంత గుండ్రటి గుంటతో ఉంది. బండిచక్రానికి ఉన్నట్టే ఇరుసు దగ్గర్నుంచి అంచుదాకా ఎనిమిది ఆకులు, వాటి మధ్య చిన్న చిన్న మొగ్గలు. ఏ ఆకూ వంకర లేదు. పదిహేనేళ్ళుగా నీటిచుక్క ఎరగదు, ఎండి గలగల్లాడుతోంది. సంపూర్ణమ్మ వేలితో ఆకులను ఒక్కొక్కటిగా తడిమింది. ఎక్కడ కొయ్యాలో పెద్దాయన ముందే గీత గీసి పెట్టినట్టుంది.

"దుమ్ము పట్టింది, ఉండు కడుగుతా" అని సత్యలక్ష్మి అప్పుడే గోలెందాకా వెళ్ళిపోయింది.

"సత్యలక్ష్మీ!"

సత్యలక్ష్మి నాలిక కరుచుకుని, చెక్కను గుండెలకు హత్తుకుని వెనక్కి వచ్చింది.

ఆ రోజు సాయంత్రానికి బెల్లం పాకం తయారైంది. గోధుమపిండిలో ఆ పాకమూ, నూనే, చిటికెడు వంటసోడా వేసి కలిపి, గుడ్డ కప్పి ఉంచింది. గురువారం పొద్దున్నే నల్ల నువ్వులు వేయించి, దంచి, బెల్లంతో ముద్ద కట్టింది. తామరగింజలు ఎక్కడ తెస్తుంది? శనగపప్పు పూర్ణాన్ని నీరంతా ఇగిరిపోయేదాకా మగ్గబెట్టి, గోళీల్లా చేసింది. అవే చంద్రులు. చంద్రుడి చుట్టూ నువ్వుల ముద్ద, ముద్ద చుట్టూ పిండి.

అచ్చులో పొడిపిండి చల్లి, ఉండ పెట్టి, అరచేత్తో నొక్కింది. ఆమా అచ్చుకు పిడి ఉండేది, పట్టుకుని ఎడమకొకటి, కుడికొకటి, ముందుకొకటి కొడితే బిళ్ళ చేతిలో పడేది. దీనికి పిడి లేదు. రెండు చేతులతో పట్టుకుని అరుగు అంచుకు కొట్టింది. మొదటి బిళ్ళ సగం చెక్కలోనే ఉండిపోయింది. రెండోదానికి ఆకులు మూడే పడ్డాయి. మూడోది నేల మీద పడింది.

"తడిపుంటే వచ్చేసేది" అంది సత్యలక్ష్మి, ఉండబట్టలేక.

సంపూర్ణమ్మ చూసిన చూపుకు ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

గుంటను పొడిగుడ్డతో తుడిచి, నూనె చేత్తో రుద్ది, ఆ తర్వాత పిండి చల్లి, ఎక్కువైంది దులిపింది. నాలుగో బిళ్ళ ఒకే దెబ్బకు ఊడి చేతిలో పడింది. ఎనిమిది ఆకులూ, మొగ్గలూ, అంచు మీద పెద్దాయన చెక్కిన సన్నటి గీతలతో సహా. సత్యలక్ష్మి దాన్ని కళ్ళార్పకుండా చూసింది.

"మా మావగారు చూస్తే..." అని ఆగిపోయింది.

కడియం సెంటర్లో బేకరీ ఉదయ్‌కుమార్ మధ్యాహ్నం పఫ్‌లు దిగాక పొయ్యి వదిలిపెడతానన్నాడు. పన్నెండు బిళ్ళలు కాలి బయటికి వచ్చాయి. ఆశీర్వాదం ఆత్రంగా ఒకటి తీసుకోబోతే చేతి మీద ఒక్కటి పడింది.

"ఇప్పుడు కాదండీ. రెండ్రోజులు మూతపెట్టి ఉంచాలి. ఇప్పుడు రాయిలా ఉంటుంది. లోపలి నూనె పైకొచ్చాకే మెత్తబడేది."

"ఏం తిండే ఇది! చేసినరోజు తినకూడని మిఠాయి ఎక్కడైనా ఉందా?"

"ఉంది. ఇదే."

శనివారం పదిగంటలకల్లా సంపూర్ణమ్మ స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కింది. నాగేశ్వరప్రసాద్ గారు బిళ్ళను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చక్రాన్ని చూసి తల ఊపాడు. కత్తి తెప్పించి ఆకు వెంబడి కోశాడు. నల్లటి ముద్ద నడుమ పచ్చటి చంద్రుడు కనిపించేసరికి కొట్లో పనివాళ్ళు కూడా తొంగిచూశారు.

"బాగుందమ్మా! చాలా బాగుంది. ఈ నల్లటిదేంటి?"

"నువ్వులండి. నల్ల నువ్వులు, బెల్లం."

నోటిదాకా వెళ్ళిన ముక్క ఆగిపోయింది.

"నువ్వులా? రేపటి నుంచి మహాలయ పక్షాలు కదమ్మా!"

సంపూర్ణమ్మకు అర్థం కాలేదు. లూథరన్ చర్చి గంట వింటూ పెరిగిన మనిషికి పున్నమి తెలుసు గానీ, పున్నమి మర్నాటి నుంచి వచ్చే పదిహేను రోజులకు ఒక పేరుంటుందని ఎప్పుడూ పట్టించుకోలేదు.

"పెద్దలకి నువ్వులూ నీళ్ళూ వదిలే రోజులు" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ పక్షంలో కొత్త సరుకు మొదలెట్టం. అందులోనూ నల్ల నువ్వులది అద్దాల బీరువాలో పెడితే కొనేవాళ్ళేమనుకుంటారు చెప్పండి? తప్పుగా అనుకోకండి. విజయదశమి వెళ్ళాక చూద్దాం."

"బల్ల ఇస్తానన్నారు కదండీ?"

"చూద్దామంటున్నాను కదమ్మా."

అని, ఆయన ఆ ముక్కను నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి కూడా తీసుకున్నాడు. "తినడానికేం అభ్యంతరం లేదు లెండి. అమ్మడానికే" అని నవ్వాడు.

మంచివాడే. కానీ 'చూద్దాం' అనే మాట ఎంత దూరం వెళుతుందో సంపూర్ణమ్మకు తెలుసు. మిగిలిన పదకొండు బిళ్ళలతో తిరుగు బస్సెక్కింది. దారంతా కిటికీలోంచి నర్సరీలు కనిపిస్తున్నాయి, సంచుల్లో బారులు తీరిన మొక్కలు, రోడ్డు పక్కన వరసగా ఆగిన లారీలు. పన్నెండేళ్ళు చూడని దారి. చూసినకొద్దీ ఆమెకు దిగులు పోయి పంతం వచ్చింది. తినడానికి అభ్యంతరం లేనివాళ్ళు ఈ లోకంలో ఒక్క నాగేశ్వరప్రసాద్ గారేనా?

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, డబ్బా పట్టుకుని ఆశీర్వాదం వెనకే లారీల దగ్గరికి నడిచింది.

"నువ్వెందుకే, అక్కడంతా మగాళ్ళు."

"మగాళ్ళకి ఆకలెయ్యదా?"

గౌహతి వెళ్ళే లారీకి మొక్కలెక్కుతున్నాయి. డ్రైవరు పల్లంరాజు నీడపట్టున కూర్చుని క్యారేజీ సర్దుకుంటున్నాడు. పొడుగాటి మనిషి, మీసాలు నెరిశాయి. ఆశీర్వాదాన్ని చూసి పలకరించాడు.

"ఏంటి ఆశీర్వాదం, అమ్మగారిని కూడా లోడింగుకి తెచ్చావా?"

"ఆయ్, నాకంటే గట్టిగా మోస్తదండి" అన్నాడు ఆశీర్వాదం.

సంపూర్ణమ్మ డబ్బా మూత తీసింది. "ఒక ముక్క తిని చూడండి."

పల్లంరాజు బిళ్ళను చూసి నవ్వాడు. "చక్రం వేశారే! లారీవాళ్ళ కోసమేనా అండి?"

సంపూర్ణమ్మకు ఆ ఆలోచన కలలో కూడా రాలేదు. "మరేనండి" అంది తడుముకోకుండా. ఆశీర్వాదం అటు తిరిగి దగ్గాడు.

పల్లంరాజు ముక్క నోట్లో వేసుకుని, నమిలి, డబ్బాలోకి తొంగిచూశాడు. "దారికి మా ఆవిడ పులిహోర కడుతుందండి. మొదటిరోజే సరి. ఒడిశా దాటితే హోటలు తిండే. ఇది ఎన్నాళ్ళుంటుంది?"

"ఇరవై రోజులు. ఇవాళ్టికంటే ఎల్లుండి ఇంకా బాగుంటుంది."

"అలాంటి తిండి కూడా ఉందా!"

"మీ ఇంట్లో ఎంతమందండి?"

"ఎందుకు? మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. నాతో నలుగురం."

సంపూర్ణమ్మ ఇంకో బిళ్ళ తీసి కత్తి ఆనించింది. కొయ్యలేదు. "ఇది చందమామ బిళ్ళండి. దూరాన ఉన్నవాళ్ళు తినేటప్పుడు ఇంట్లోవాళ్ళకి కూడా తలా ఒక ముక్క కొయ్యాలి. వాళ్ళ తరఫున మీరే తినాలి. ఈ ఆకుల వెంట కోస్తే హెచ్చుతగ్గులుండవు."

పల్లంరాజు బిళ్ళ మీది ఆకులను వేలితో లెక్కపెట్టాడు. "మా చిన్నది పుట్టిన్రోజు ఏటా నేను రోడ్డు మీదే ఉంటానండి" అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "అయితే అందరి వాటా నాకేనన్నమాట! ఈ పద్ధతి మా ఆవిడకి చెప్పకండే!" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు పక్క లారీల వాళ్ళు కూడా వచ్చారు.

సాయంత్రానికి డబ్బాలో ఒక్క బిళ్ళ మిగిలింది. అది అమ్మలేదు. గురువారం ఎనిమిది లారీలు బయల్దేరుతున్నాయి, మనిషికి ఐదు కావాలన్నారు. నువ్వులంటే ఒకాయన కొంచెం వెనకాడాడు. అతనికి శనగపప్పుదే చేస్తానంది.

సోమవారం శ్యాంబాబు మోటారుసైకిలు దిగేసరికి అరుగు మీద నువ్వులు ఆరబోసి ఉన్నాయి. సత్యలక్ష్మి చాటతో చెరుగుతోంది.

"ఏంటమ్మా సంపూర్ణమ్మగారూ, పాస్‌పోర్ట్ రెడీయేనా?"

"బీరువాలో ఉంది బాబూ. అక్కడే ఉంటుంది."

"అదేంటి! పెనాంగ్ వాళ్ళకి మాటిచ్చేశాను. మళ్ళీ ఇలాంటి ఇల్లు దొరకదు."

"దొరక్కపోవచ్చు."

"లారీవాళ్ళకి మిఠాయిలమ్ముతున్నారట. వాళ్ళని నమ్ముకుని కూర్చుంటారా? ఇవాళ ఇక్కడుంటారు, రేపు అస్సాంలో."

"అందుకే కొంటున్నారు" అంది సంపూర్ణమ్మ.

అతను అరుగు మీద కూర్చుని ఇంకో పావుగంట చెప్పాడు. జీతం చెప్పాడు, మంచి గది చెప్పాడు, ఆదివారం సెలవని చెప్పాడు. ఆమె వింటూనే నువ్వుల్లో రాళ్ళు ఏరింది. చివరికి మంచినీళ్ళిచ్చి, "గురువారం తర్వాత రండి, మీకూ ఒక బిళ్ళ ఉంచుతాను. ఇంట్లో ఎంతమందో చెప్పండి" అంది. శ్యాంబాబు నీళ్ళు తాగి, "ఆరుగురం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజే ఆశీర్వాదం టేకుచెక్కకు ఒక పిడి బిగించాడు. ఆమా అచ్చును గోడకు మేకు కొట్టి తగిలించారు, చీలిక ఇంకా పెరగకుండా నీడలో. ఎప్పటికైనా చేపను వాడాలని సంపూర్ణమ్మ ఉద్దేశం. పందిపిల్లను పేటలో పిల్లలు అప్పుడే అడిగేశారు.

మధ్యాహ్నం పిండి కలుపుతుంటే సత్యలక్ష్మి డబ్బా మూత తీసి చూసింది.

"ఇందులో ఒకటుందే! రుచి చూద్దామా వదినా?"

"ముట్టుకోకు. శనివారం హెలెన్ వస్తుంది."

"ఒక్క ముక్క! ఎనిమిదిలో ఒకటి!"

"ఆకులు ఎనిమిదే గానీ, దాన్ని నాలుగే చేస్తాను. నాకొకటి, ఆయనకొకటి, ఆమాకొకటి. హెలెన్ ముక్క హెలెనే తినాలి." మూత తీసుకుని బిగించి, "ఆమా ముక్క నువ్వు తిను, కావాలంటే" అంది.

సత్యలక్ష్మి ఒప్పుకుంది. చెక్కను అందుకుని, ఒక అడుగు గోలెంవైపు వేసి, తనంతట తానే ఆగి, పొడిగుడ్డ కోసం వెతుక్కుంది.